తలసరి ఖర్చు

"మా ప్రభుత్వంలో ఒక ఖైదీ ఇంకో ఖైదీ మీద తుమ్మడు. తుమ్మనివ్వం."

జైళ్ల మంత్రిగారు ఈ మాట అన్నప్పుడు మైకు నాదే. ఆయన సభలన్నిటికీ మైకు సెట్టు పెట్టేది నేనే కాబట్టి ఎన్నో చారిత్రక ప్రకటనలు నా స్పీకర్లలోంచే లోకానికి వెలువడ్డాయి. మహమ్మారి తగ్గేదాకా తలకొక గది చొప్పున జైలు వెనక మైదానంలో తాత్కాలిక వసతి ఏర్పాటు చేస్తామని ఆయన సెలవిచ్చారు. చప్పట్లు కొట్టడానికి జనం లేరు. గుంపులు కూడటం నిషేధం. నా దగ్గరున్న పాత సభ చప్పట్ల రికార్డింగు వేశాను. మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు.

నెల తిరక్కముందే గదులు దిగాయి. రేకు గదులే, కానీ ఏసీ ఉంది, గోడకి టీవీ ఉంది. నెలనెలా అద్దె. గదులు అద్దెకిచ్చింది మంత్రిగారి బావమరిది. అంత కష్టకాలంలో ఇంకెవరూ టెండర్ వెయ్యడానికి ముందుకు రాలేదు. టెండర్ ఉందన్న సంగతి తెలిసింది కూడా ఆయనొక్కరికే.

ఈలోగా కోర్టు తొందరపడింది. చిన్న నేరాల వాళ్లందరినీ ఇళ్లకి పంపెయ్యమంది. మిగిలినవాళ్లు ఘరానా మనుషులు. వాళ్లని రేకు గదుల్లో పెడితే టీవీలతో సహా వెళ్లిపోతారని సూపరింటెండెంట్ గారికి దిగులు పట్టుకుంది. ప్రారంభోత్సవానికి ఒక్క ఖైదీ అయినా ఉండాలి కదా. వెతగ్గా వెతగ్గా ఒకడు దొరికాడు.

అతన్ని జైల్లో అందరూ ఫ్లెక్సీ అని పిలిచేవారు. వానకి కారుతున్న ఇంటికప్పు మీద వేసుకోడానికి మంత్రిగారి పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి విప్పుకెళ్లాడు. మంత్రిగారి ముఖం ఆకాశం వైపు ఉండేలా పరిచాడు గనక తక్కువ శిక్షతో సరిపెట్టారు. కోర్టుకి పంపిన జాబితాలోంచి అతని పేరు జారిపోయింది. అయినా ఆ వారంలోనే శిక్ష పూర్తయిపోతుంది. భార్యకి నెలలు నిండాయి. పురిటి వేళకి ఇల్లు చేరాలన్నది తప్ప అతనికి వేరే ధ్యాస లేదు.

మంత్రిగారు రిబ్బన్ కత్తిరించారు. ఫ్లెక్సీ గదిలోకి వెళ్లాడు. నేను చప్పట్లు వేశాను.

విడుదల రోజున నా స్పీకర్లు తెచ్చుకోడానికి వెళ్తే, సూపరింటెండెంట్ గది ముందు అతను సంచితో నిలబడి ఉన్నాడు. లోపల ఆడిట్ మేడం కంప్యూటర్ వైపు వేలు చూపిస్తున్నారు. బిల్లు పాసవ్వాలంటే తలసరి ఖర్చు తేల్చాలట. మొత్తం అద్దెని తలల సంఖ్యతో భాగించాలి. ఉన్నది ఒకే ఒక్క తల. అది కాస్తా ఈ పూట ఇంటికెళ్లిపోతే సున్నా. సున్నాతో భాగించమంటే కంప్యూటర్ మొరాయిస్తోంది.

"ఒక్కడికి ఇంత ఖర్చా అని పైవాళ్లు తిడితే తిట్టనివ్వండి, పడదాం. అసలు తలే లేకపోతే బిల్లే లేదు" అన్నారు మేడం.

సూపరింటెండెంట్ గారు మంత్రిగారికి ఫోన్ చేశారు. బావమరిది పక్కనే ఉన్నట్టున్నారు, ఏడుపు గుమ్మం దాకా వినిపించింది. ఫోన్ పెట్టేసి సూపరింటెండెంట్ గారు బయటికొచ్చారు. భుజం మీద చెయ్యి వెయ్యకూడని రోజులు కాబట్టి ఆప్యాయంగా లాఠీ వేశారు.

"నువ్వు దగ్గావు బాబూ."

"నేను దగ్గలేదు సార్."

"దగ్గుతావు. మా అంచనా."

ముందుజాగ్రత్తగా అతన్ని మళ్లీ గదిలో పెట్టారు.

కబురు తెలిసి అతని భార్య నిండు నెలలతో నడుచుకుంటూ గేటు దగ్గరికొచ్చింది. మా ఆయన్ని ఎందుకు వదల్లేదని అడిగింది. లాక్‌డౌన్లో రోడ్డెక్కడం నేరం. చట్టానికి కడుపుతో ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అన్న తేడా ఉండదు. అక్కడికక్కడే కేసు రాసి లోపలికి తీసుకున్నారు, పక్క గది ఇచ్చారు. తలసరి ఖర్చు సగానికి సగం తగ్గించామని సాయంత్రం మంత్రిగారు ప్రకటించారు. ఆ రోజు చప్పట్ల సౌండు కాస్త పెంచాను.

ఆ గదిలోనే ఆమెకి ఆడపిల్ల పుట్టింది. జైలు డాక్టరమ్మ బయటికొచ్చి తల్లీబిడ్డా క్షేమమని చెప్పింది. తల ముందొచ్చిందా, కాళ్లు ముందొచ్చాయా అని ఆడిట్ మేడం అడిగారు. తలేనంది డాక్టరమ్మ. మేడం తృప్తిగా కంప్యూటర్లో ఒకటి కలిపారు.

ఇక తలలకి లోటు లేదు. సూపరింటెండెంట్ గారు ఫ్లెక్సీని పిలిచి, నీ దగ్గు తగ్గింది, వెళ్లొచ్చన్నారు.

"మా ఆవిడా, పాపా సార్?"

"ఆవిడది వేరే కేసు. నువ్వు ఇంటికెళ్లి బుద్ధిగా కూర్చో."

గేటు దాటి నాలుగడుగులు వేశాడు. లోపల పాప ఏడ్చింది. ఆగిపోయాడు. రోడ్డు మీద పని లేకుండా నిలబడటం ఎంత నేరమో గేటు దగ్గరున్న కానిస్టేబుల్ ఓపిగ్గా వివరించాడు.

"తెలుసన్నా. అందుకే నిలబడ్డాను. పట్టుకో" అన్నాడు ఫ్లెక్సీ.

పట్టుకున్నారు. కొత్త ఖైదీగా నమోదు చేశారు. పాత ఖైదీగా అతని తలని లెక్కలోంచి ఇంకా ఎవరూ కొట్టెయ్యలేదు. మనుషులు ముగ్గురు, తలలు నాలుగు. ఆడిట్ మేడం నవ్వగా చూడటం నాకదే మొదలు. బిల్లు పాసయింది.

మైదానంలో మళ్లీ ప్రెస్ మీట్ పెట్టారు. తలసరి ఖర్చు నాలుగో వంతుకి దించామని, పొదుపంటే ఏమిటో మిగతా శాఖలు తమని చూసి నేర్చుకోవాలని మంత్రిగారు అన్నారు. ఖైదీలు మొత్తం ఎంతమందని ఒక విలేకరి అడిగాడు. అది భద్రతకి సంబంధించిన రహస్యమని మంత్రిగారు చెప్పగానే నేను చప్పట్లు వేశాను.

తర్వాత ఆయన గదుల దగ్గరికి వెళ్లారు. తీగలు చుట్టుకుంటూ నేనూ వెనకే వెళ్లాను. ఫ్లెక్సీ పాపని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చాడు. వెనక భార్య.

"అయ్యా, బిల్లు పాసయిందంట కదా. ఇంక మమ్మల్ని పంపించెయ్యండి."

మంత్రిగారి గుండె కరిగింది. సూపరింటెండెంట్ వైపు తిరిగి పంపించెయ్యమన్నట్టు చెయ్యి ఊపబోయారు. ఇంతలో బావమరిది వచ్చి నెల మారిందని, మళ్లీ కొత్త బిల్లు పెట్టాలని ఆయన చెవిలో చెప్పారు. చెయ్యి గాల్లోనే ఆగింది.

"వీళ్లిద్దరి మీదా కేసులున్నాయి, సరే. పాప మీద ఏం కేసు?"

"ఇంకా ఏదీ పెట్టలేదు సార్. మీరు ఏది చెబితే అది."

మంత్రిగారు వంగి పాప ముఖంలోకి చాలాసేపు చూశారు.

"మాస్కు లేదు కదా" అన్నారు.