చప్పుడు లేని స్కానింగు

పదకొండు గంటలకల్లా ముగ్గురికి స్కానింగులు ముగించాలి, పన్నెండింటికి డాక్టర్ కల్పలతకు కొత్త మిషన్ చూపించాలి. ఆ బుధవారం ఉదయం బోయిగూడలో మేడ మీది తన స్కానింగ్ సెంటర్ షట్టర్ ఎత్తుతూ హరికిషన్ వేసుకున్న లెక్క ఇంతే. యాప్రాల్‌లో ఆమె నడిపే ఆసుపత్రిలోని ఎమ్మారై మిషన్ పాతది. దాని మోతకు పిల్లలు హడలిపోతున్నారు. దాన్ని తీసేసి రోగులందరినీ బయట సెంటర్‌కు పంపాలని ఆమె ఆలోచన. వాళ్లు ఇక్కడికి వస్తే ఈ సెంటర్ నిలుస్తుంది. రాకపోతే దసరా దాకా కూడా నిలవదు.

హరికిషన్ పద్దెనిమిదేళ్లు రాణిగంజ్‌లో ఫ్యాన్లు అమ్మాడు. ఫ్యాన్ కొనే మనిషి గాలి తర్వాత చూస్తాడు, ముందు చెవి పెట్టి వింటాడు. చప్పుడొచ్చిందా, ఇక దాన్ని ముట్టుకోడు. మనుషులు దేనికి విలువ కడతారో తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని హరికిషన్ నమ్మకం. అందుకే బొల్లారం నుంచి ఇంజనీరు బ్రహ్మచారి వచ్చి, ఎమ్మారై మోతను అణిచేసి, నలభై నిమిషాల పనిని పన్నెండు నిమిషాల్లో ముగించే పరికరం కనిపెట్టానంటే, రెండో ఆలోచన లేకుండా దుకాణం అమ్మి, ఈ సెంటర్ పెట్టి, దాన్ని ఇక్కడి మిషన్‌కు బిగించుకున్నాడు.

మొదటి రోగి బాలమ్మ. మోకాలి నొప్పి. రెండేళ్ల కిందట వేరేచోట ఇదే స్కానింగు చేయించుకుంది. పన్నెండు నిమిషాలకు టెక్నీషియన్ నవత బల్లను బయటికి లాగి, అయిపోయింది లేవమంది. బాలమ్మ లేవలేదు.

"షురూ గాకముందే అయిపోయిందా బిడ్డా? కరెంటు ఉన్నదో లేదో జెర చూడు."

హరికిషన్ వచ్చి, ఫ్యాన్లమ్మిన గొంతుతో కొత్త పరికరం గొప్పతనమంతా చెప్పాడు. బాలమ్మ ఓపికగా వింది.

"అప్పుడు బోరేసినట్టు దడదడ కొట్టింది కొడుకా. పండ్లు సుత కదిలినయ్. ఇయ్యాల నిద్రొచ్చింది. పండుకోనీకి పైసలు గట్టి గింత దూరం వస్తనా?"

తెర మీద మోకాలి బొమ్మ చూపించాడు. ఆ మోకాలు తనది కాదంది బాలమ్మ. తన నొప్పి అంతకంటే పెద్దదట. హాల్లోకి వెళ్లి కూర్చుని, ఉన్నవాళ్లందరికీ అదే చెప్పింది.

రెండో రోగి హుస్సేన్ నీటి మోటార్లు బాగుచేసే మనిషి. నడుము పట్టేసి వచ్చాడు. లోపల ఉన్నంతసేపూ చెవి పెట్టి విన్నాడు.

"సేట్, ముప్పై ఏండ్ల సంది మోటార్లు చూస్తున్న. తిరిగేది సప్పుడు చేస్తది. సప్పుడు లేదంటే అది ఖరాబైనట్టే."

అతనూ వెళ్లి బాలమ్మ పక్కన కూర్చున్నాడు. మళ్లీ తీసేదాకా ఇక్కణ్ణుంచి కదలబోమన్నారు ఇద్దరూ. మూడో రోగి, బ్యాంకులో పనిచేసే రాహుల్, ఇదంతా విని విప్పిన చెప్పులు మళ్లీ వేసుకుంటున్నాడు. టైము పదింబావు.

తమ పరికరానికి ముందు ఎంత మోత ఉండేదో డాక్టరుకు వినిపించడానికి బ్రహ్మచారి దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చాడు. హరికిషన్‌కు అది గుర్తొచ్చింది. రోగితో మాట్లాడే మైకు దగ్గర ఆ ఫోన్ పెట్టి మోత వినిపిద్దామన్నాడు.

"దాన్ని తీసేయనీకి నాకు ఆరేండ్లు పట్టింది సార్," అన్నాడు బ్రహ్మచారి.

"ఒక్క గంట వాపస్ పెడదాం."

బ్రహ్మచారి తల తిప్పుకుని ఫోన్ ఇచ్చాడు. రెండోసారి బయటికొచ్చిన బాలమ్మ రెండు చేతులతో తల పట్టుకుని ఉంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. స్కానింగంటే ఇదీ అంది. కానీ హాల్లో తమకేమీ వినబడలేదని హుస్సేన్ తగువు పెట్టుకున్నాడు. దాంతో హాలు తలుపు పైన స్పీకర్ తగిలించి, దానికీ ఫోన్ కలిపారు. గోడలు అదిరాయి. రాహుల్ నమ్మి, చెప్పులు విప్పి లోపలికెళ్లాడు. మోతకు ఉలిక్కిపడి కదిలాడు. బొమ్మ చెదిరింది. నవత మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ కదిలాడు. పన్నెండు నిమిషాల పని నలభై దాటింది. ఆరేళ్ల పరిశోధన ఎక్కడ మొదలైందో అక్కడికే చేరింది.

పదకొండుంబావుకు మోత ఠక్కున ఆగి, ఫోన్ మోగింది. నవత కంగారులో కాల్ కట్ చేయబోయి ఎత్తేసింది. తలుపు మీది స్పీకర్ మాట్లాడింది.

"బ్రహ్మచారి గారూ, నేను డాక్టర్ కల్పలత. జెర ముందే వచ్చిన. మీ సప్పుడు లేని మిషన్ చూద్దామని కింద నిలబడ్డ. గా మోతేంది పైన?"

హాలంతా స్పీకర్ వైపు చూసింది. తర్వాత హరికిషన్ వైపు చూసింది. హుస్సేన్ కుర్చీ ఎక్కి స్పీకర్‌ను తట్టాడు.

"మీ మిషన్ గిదేనా సేట్?"

డాక్టరు పైకి వచ్చేసరికి రాహుల్ ఆసుపత్రి గౌనుతోనే బయటికొచ్చి నిలబడ్డాడు. రోగులు ముగ్గురూ ఒకేసారి ఫిర్యాదు చేశారు. దాచడానికి ఇంకేమీ మిగలక హరికిషన్ జరిగిందంతా చెప్పేశాడు. ఆమె తెర ముందు కూర్చుని బాలమ్మ మొదటి బొమ్మ చూసింది. ఇంత స్పష్టంగా మోకాలిని తానెప్పుడూ చూడలేదంది. బేరానికొచ్చిన మనిషి చెయ్యి జేబులోకి పోతున్నప్పుడు నిలబడ్డట్టు హరికిషన్ కదలకుండా నిలబడ్డాడు.

అప్పుడు బాలమ్మ అడిగింది. "అమ్మా, మీ దవాఖానల మిషన్ సప్పుడు చేస్తదా?"

"శానా చేస్తది. పిల్లలు ఏడుస్తరు."

"ఎంతసేపు?"

"యాభై నిమిషాలు."

బాలమ్మ సంచీ చంకన పెట్టుకుంది. "యాప్రాల్‌కు ఏ బస్సు పోతది?"

బస్సెందుకు, తన ఆటో ట్రాలీ కింద ఉందన్నాడు హుస్సేన్. రాహుల్ బట్టలు మార్చుకోవడానికి పరుగెత్తాడు. డాక్టరు ఆ ముగ్గురినీ చూసి, తెరను చూసి, లేచింది.

"మిషన్ మంచిదే హరికిషన్ గారూ. కానీ రిపోర్టు నమ్మకుంటే నేను రాసిన మందు సుత మింగరు. మా పాతదాన్ని ఇప్పట్ల తీసెయ్య."

మెట్ల మీద అడుగుల చప్పుడు తగ్గుతూ ఆగిపోయింది. బ్రహ్మచారి స్పీకర్ దించి, దాని తీగను నెమ్మదిగా చుడుతున్నాడు. పైన ఫ్యాన్ తిరుగుతున్నా వినబడటం లేదు. అది హరికిషన్ దుకాణంలోనిదే.

దుకాణం అమ్మి కొనుక్కున్న నిశ్శబ్దం సరిగ్గా పన్నెండు గంటలకు అతనికి పూర్తిగా దక్కింది.