ఇన్‌స్టాల్ కాని ధ్రువపత్రాలు

నరసన్నపేటకు కొద్ది దూరంలో ఉన్న ఒక తహసీల్దారు కార్యాలయం 2014లో జిల్లాకే ఆదర్శంగా నిలిచింది. ధ్రువపత్రాలిచ్చే కొత్త సాఫ్ట్‌వేర్‌ను మిగతా మండలాలు ఇంకా ఇన్‌స్టాల్ చేసుకుంటూ ఉండగానే ఇక్కడ పదకొండు వందల పత్రాలు జారీ అయిపోయాయి. ఆ ఘనతకు తహసీల్దారు గణపతిరావుగారికి శాలువా కప్పారు. కంప్యూటరును ఎక్కడ నొక్కితే వెలుగుతుందో ఆయనకు తెలియని మాట నిజమే గాని, శాలువాకు అది అడ్డు రాలేదు.

పని చేసింది ఆపరేటరు రూబీ. ఇన్‌స్టాల్ చెయ్యబోతే కంప్యూటరు పాస్‌వర్డు అడిగింది. పాస్‌వర్డు జిల్లా కేంద్రంలో ఉంది. దానికోసం రాసిన ఉత్తరమూ అక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన సీడీలో ప్రోగ్రాం అసలు కోడున్న ఫోల్డరు కనిపిస్తే, రూబీ దాన్ని తెరిచి అక్కడినుంచే నడిపేసింది. జనం కాగితాలు పట్టుకుని ఇళ్లకు వెళ్లారు. ఇంత ఘోరం ఎనిమిది నెలలపాటు ఎవరి కంటా పడలేదు.

చివరికి తనిఖీ అధికారి అడిగాడు, "దీన్ని ఎక్కడ ఇన్‌స్టాల్ చేశారు?"

"ఎక్కడా సెయ్యలేదండీ. ఫోల్డర్లోంచే నడుపుతన్నాను," అంది రూబీ.

గణపతిరావుగారు లేచి నిలబడి సిబ్బందినుద్దేశించి ప్రసంగించారు. "నడవడం వేరు, నిబంధనల ప్రకారం నడవడం వేరు. స్థాపించని సాఫ్ట్‌వేర్ పని చేసినట్టు పరిగణించుటకు వీల్లేదు. కావున సదరు పత్రాలన్నియు జారీ కానట్టుగా భావించవలెను!"

సాఫ్ట్‌వేర్ మూసేశారు. మర్నాడు గురమ్మ అనే ముసలామె పరుగున వచ్చింది. మనవరాలు కుమారి కులపత్రం చెల్లదన్నారట. సాయంత్రంలోగా వేరేది తేకపోతే హాస్టల్ సీటు పోతుందట.

"ఏటి బాబూ, మీ డబ్బాలో ఏటో పెట్టనేదని నా మనవరాలికి కులం నేకండా పోనాదా?"

ఈ దేశంలో కులం ఇంత తేలిగ్గా పోవడం చూసి ఆఫీసంతా విస్తుపోయింది.

ఆ ఉదయమే పాస్‌వర్డు సీలు వేసిన కవరులో, జీపులో విచ్చేసింది. కొబ్బరికాయ కొట్టారు. రిబ్బను కత్తిరించారు. తెరమీద ప్రోగ్రాం గుర్తు ప్రత్యక్షమైంది. అందరూ చప్పట్లు కొట్టారు. నొక్కితే అది తెరుచుకోలేదు. మళ్లీ కొట్టారు, ఈసారి కంప్యూటరును.

బయట వరస గోల పెడుతోంది. గణపతిరావుగారు రూబీని పక్కకు పిలిచారు.

"సూడమ్మా, ఆ పాతదే నడిపీ. నడపలేదని మాత్రం రాసి సంతకం పెట్టీ. నీది కాంట్రాక్టు ఉద్యోగం, మర్సిపోకు."

రూబీ గుమ్మంకేసి చూసింది. అక్కడ గురమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ముందు పాత కాయితాలన్నీ సెల్లుతాయని మీరు రాసియ్యండి సార్. అప్పుడే నడుపుతాను."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని నమ్మడానికి రూబీకి కొంచెంసేపు పట్టింది. గణపతిరావుగారు కిటికీలోంచి జనాన్ని చూసి, కలం తీసి సంతకం పెట్టారు. కుమారి సీటు నిలిచింది. గురమ్మ రూబీ చేతులు రెండూ కళ్లకద్దుకుంది.

ఆ ధైర్యంతోనే వారం తిరక్కముందే రూబీ ఒక అర్జీ పెట్టింది. ఏడేళ్లుగా కాంట్రాక్టులో ఉన్నాను, పర్మినెంటు చెయ్యమని. గణపతిరావుగారు అర్జీని వాత్సల్యంతో చదివారు.

"ఏడేళ్లుగా నడుస్తూనే ఉన్నావు గదమ్మా. ఇంక నిన్ను ఇన్‌స్టాల్ సెయ్యడం దేనికి?"

ఆఫీసంతా నవ్వింది. రూబీ వరసకేసి చూసింది. అందరికంటే ముందు గురమ్మ, ఈసారి ఆదాయపత్రం కోసం.

"నిజమే గదమ్మా, నువ్వు నడుస్తానే ఉన్నావు," అంది గురమ్మ. "నాది బేగి సూడు తల్లీ, బస్సెలిపోతాది."