మెమరీ మార్చాలట!

ఆ సోమవారం ఉదయం ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్తూ కంప్యూటర్ డబ్బాను రిపేరు షాపులో దించడం, సాయంత్రం తెచ్చుకోవడం, నెలాఖరులోగా భార్యకు ఒక అరగంట వీడియో తయారుచేసి ఇవ్వడం. పాతికేళ్ళుగా ఆవిడ పిల్లలకు పాటలు నేర్పుతున్న బడి ఈ నెలాఖరుకు మూతపడుతోంది. "చివరి రోజు సభలో మా పిల్లల పాటలన్నీ ఒక్కసారి తెర మీద చూసుకోవాలనుందండీ" అంది. పెళ్ళయ్యాక ఆవిడ నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అదే.

ఆ పాటలున్న పద్దెనిమిది వీడియో టేపులూ వేసవిలోనే కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. వాటిని ఆడించే పాత కెమెరా ఆఖరి టేపుతో కన్నుమూసింది. "ఇంక ఉన్నవి ఇవే కదా, ఎవరైనా చెరిపేస్తే?" అని ఆవిడ కంగారుపడితే పాస్‌వర్డ్ పెట్టాడు. "ఎక్కడైనా రాసిపెట్టండి" అందావిడ. ఆయన నొచ్చుకున్నాడు. ఆఫీసు రికార్డు గదిలో ముప్ఫై ఏళ్ళ ఫైళ్ళు ఏ బీరువాలో ఏ అరలో ఉన్నాయో కాగితం చూడకుండా చెబుతాడని అందరూ ఆయన్ని 'కంఠతా' అంటారు మరి.

"రాసుకునేది గుర్తుండనివాళ్ళోయ్" అన్నాడు.

చిక్కల్లా కంప్యూటర్‌తోనే. పన్నెండేళ్ళ ముసలిది. ఎడిటింగ్ ప్రోగ్రాం తెరవమంటే మూలిగి, వేడెక్కి, పడుకునేది. అందుకే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. రిపేరు షాపతన్ని వీధంతా డాక్టర్ అనే పిలుస్తుంది, అతనూ అలాగే చెప్పుకుంటాడు. కంఠతాకు సెల్‌ఫోను లేదు కాబట్టి ఆఫీసు నంబరు ఇచ్చి వచ్చాడు. కొంప ముంచింది ఆ నంబరే.

పదకొండు గంటలకు ఫోను మోగితే టైపిస్టమ్మ ఎత్తింది.

"డాక్టర్ని మాట్లాడుతున్నానండీ. కంఠతా గారున్నారా?"

"లోపలెక్కడో ఉన్నారు. నాతో చెప్పండి."

"మెమరీ బొత్తిగా చాలదని చెప్పండమ్మా. ఉన్నదాంట్లోనూ సగం పోయింది. విప్పి చూశాను, లోపలంతా దుమ్మే."

"విప్పి చూశారా!"

"చూడకపోతే ఎలా తెలుస్తుందండీ? వయసైపోయింది. ఊరికే వేడెక్కి ఆగిపోతోంది. ఎక్కువ రోజులు లాగదు."

"ఏం చెయ్యాలో మీరే చెయ్యండి బాబూ! ఇంక మీరే దిక్కు" అని ఆవిడ ముక్కు చీదుకుంది. ఇంత మంచి కస్టమర్లు కూడా ఉంటారా అనుకుంటూ అతను పనిలోకి దిగాడు.

అరగంటలో గోరంత కొండంతయింది. కంఠతాను పిలిపించి ఆఫీసరు స్వయంగా కుర్చీ జరిపాడు.

"మీ ఆవిడ పేరు చెప్పండి" అన్నాడు మెల్లగా.

కంఠతా తెల్లబోయాడు. 'ఏమోయ్' తప్ప ఇంట్లో మరో పిలుపు ఎరగడు. పేరు నాలుక మీదికి రావడానికి నాలుగు క్షణాలు పట్టింది. ఆ నాలుగు క్షణాల్లోనే ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీ డాక్టర్ అంతా చెప్పారులెండి."

"అయ్యో, ఆయన కంప్యూటర్ డాక్టరండీ!"

"అవునవును, ఇప్పుడన్నీ కంప్యూటర్‌లోనే చూస్తున్నారు" అని ఓదార్చి, ఆఫీసరు మూడు వారాల సెలవు రాసేశాడు. కారణం దగ్గర 'జ్ఞాపకశక్తి క్షీణత' అని పెట్టాడు. ఆయన భార్యకు ఫోను చేసి, ప్యూను చేత చెయ్యి పట్టించి మరీ ఇంటికి పంపాడు.

ఇల్లు చేరేసరికి ముందు గది నిండా బడి పిల్లల తల్లిదండ్రులే. ఒక్కొక్కరూ వచ్చి "నన్ను గుర్తుపట్టారా?" అని అడిగారు. ఆయన వాళ్ళలో సగం మందిని ఎన్నడూ చూసి ఎరగడు. "లేదండీ" అన్నప్పుడల్లా ఎవరో ఒకరు నిట్టూర్చారు.

"సభ మానేశానండీ" అంది భార్య, కళ్ళు వాచిపోయి. "మీరిలా ఉంటే నాకు పాటలేమిటి?"

"నాకేం కాలేదోయ్!"

"మొదట్లో అందరూ అలాగే అంటారట."

కంఠతాకు ఏడుపొక్కటే తక్కువ. ఆవిడ అడిగిన ఒక్క కోరికా తన మూలంగానే మంటగలిసింది.

సరిగ్గా అప్పుడు డాక్టర్ డబ్బా ఎత్తుకుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. "మెమరీ నాలుగింతలు చేశాను సార్! ఇంక గుర్రమే!"

గదిలో అందరూ డబ్బా వంకా ఆయన వంకా చూసి పగలబడి నవ్వారు. నవ్వుతూనే భార్య మళ్ళీ ఏడ్చింది. సభ మళ్ళీ ఖాయమైంది. పైగా కాళ్ళూ వేళ్ళూ పట్టుకున్నా దొరకని సెలవు చేతిలో ఉంది. ఆయన జన్మలో అంత హాయి ఎరగడు.

"ఒక్క పాట చూపించండీ" అన్నారు అందరూ.

డబ్బా తగిలించారు. ప్రోగ్రాం రెప్పపాటులో తెరుచుకుంది. వీడియోల మీద నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. కంఠతా ధీమాగా మీటల మీద వేళ్ళు పెట్టాడు. పెట్టిన వేళ్ళు పెట్టినట్టే ఉండిపోయాయి.

భార్య పేరు కొట్టాడు. కాదంది. బడి పెట్టిన సంవత్సరం కొట్టాడు. కాదంది. ఎవరి ఊహకూ అందని మాట పెట్టాలని ఆనాడు గంటసేపు ఆలోచించిన సంగతి మాత్రం బాగా గుర్తుంది. చీకటి పడేదాకా కొడుతూనే ఉన్నాడు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వేసుకున్నారు.

"నేను వేసిన మెమరీకి ఏడాది గ్యారంటీ సార్" అన్నాడు డాక్టర్ తల గోక్కుంటూ. "ఈ తాళం మాత్రం నా వల్ల కాదు."

భార్య తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాడు. పక్కన కూర్చుని, వెలుగుతున్న ఖాళీ తెర వంక చూస్తూ, "రాసిపెట్టమన్నాను కదండీ" అంది, అంతే.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి సెలవు కాగితంలో కారణం మార్పించుకోవాలనుకున్నాడు గానీ, ఆ అవసరం కనిపించలేదు.