పదిహేడో పేజీ

ఇకమీదట ఎవరూ చదవని నవల గానీ, ఏ నవలా చదవని మనిషి గానీ మిగలకూడదని గ్రంథాలయాల మంత్రిగారు ప్రకటించారు. ఆ ముక్కను ఆయన కాగితం చూసి చదివారు కాబట్టి, చదవడం మీద ఆయనకున్న గౌరవం అందరికీ తెలిసిపోయింది.

కొత్త నవలల్లో కొత్త పాఠకులకు పనికొచ్చేది ఒకటి ఏరి సిఫారసు చేయడానికి కమిటీ వేశారు. అధ్యక్షుడు రిటైరైన ప్రొఫెసర్. రెండో ఆయన, వచ్చిన ప్రతి పుస్తకాన్నీ తూర్పారబట్టే విమర్శకుడు. మూడో ఆయన, ఫైలు తప్ప మరొకటి ముట్టనని నియమం పెట్టుకున్న డైరెక్టరు. నాలుగో కుర్చీ కొత్త పాఠకుల కోటాది. దానికి ఎవరూ దొరకలేదు. సరిగ్గా అప్పుడే ఆ కుర్చీ తుడవడానికి బామ్మ గదిలోకి వచ్చింది.

బామ్మ, కమిటీ కూర్చున్న ఆ గ్రంథాలయం రీడింగ్ రూములో ఊడ్చి, కుర్చీలు సర్ది, పేపర్లు మడతపెట్టే మనిషి. యాభై తొమ్మిదో ఏట అక్కడే పెద్దల బడిలో అక్షరాలు దిద్దింది. 'మ'కీ 'య'కీ తేడా తెలియడానికి ఒక వేసవి పట్టిందని తనే చెప్పి నవ్వుతుంది.

"నన్నా బాబూ? నేను సంతకం పెట్టేలోపు మీ టీ చల్లారిపోతుంది" అంది.

"ఫరవాలేదు బామ్మగారూ, మళ్లీ తెప్పిస్తాం. బడ్జెట్ ఉంది" అన్నారు డైరెక్టరు.

అలా బామ్మ చేతికి 'తడిసిన పెట్టె' అనే కొత్త నవల వచ్చింది. రాసింది బస్సుల టికెట్ కౌంటర్లో పనిచేసే అమ్మాయి. వానలో బస్సు ఆగుతుంది. ఒకామె రేకు పెట్టెతో దిగుతుంది. పన్నెండేళ్లుగా మాటల్లేని అక్క ఇంటికి నడిచి వెళ్లి, తలుపు కొట్టడానికి చెయ్యి ఎత్తుతుంది. అక్కడికి పదహారు పేజీలు. వేలు పెట్టి చదువుకుంటూ బామ్మ అక్కడికి చేరడానికి మూడు వారాలు పట్టింది.

ఆ తలుపు సంగతి తేలడం బామ్మకు చాలా అవసరం. తల్లి పోయాక పంపకాల్లో ఇత్తడి డబ్బా అక్కకీ, దాని మూత బామ్మకీ వచ్చాయి. మూత తెచ్చివ్వమని అక్క, డబ్బా తెచ్చివ్వమని చెల్లెలు పట్టుబట్టి పదకొండేళ్లు మాటలు మానేశారు. పుస్తకంలో అక్క తలుపు తీస్తే తనూ వెళ్లాలని, తీయకపోతే మూత పట్టుకుని కూర్చోవాలని బామ్మ మనసులో ఒట్టు పెట్టుకుంది. ఇంత పెద్ద సంగతి సొంతంగా తేల్చుకునే బుర్ర తనకెక్కడిది. అచ్చులో ఉంటే నమ్మవచ్చు.

పేజీ తిప్పింది. వానలో బస్సు ఆగింది.

"అత్తయ్యా, కథ ఎందాకా వచ్చింది?" అంది కోడలు.

"బస్సు దిగుతోందమ్మా."

"పోయిన నెలలోనే దిగిందిగా?"

"దిగింది. మళ్లీ దిగుతోంది. నా బుర్రకు చిల్లు పడింది, చదివింది చదివినట్టే కారిపోతోంది."

పదహారు తర్వాత పదిహేడు వస్తుందని బడిలో పంతులమ్మ చెప్పింది. ఇందులో పదహారు తర్వాత మళ్లీ ఒకటి వచ్చింది. పెద్దవాళ్ల పుస్తకాల్లో లెక్కలు కూడా వేరేమో అనుకుని బామ్మ సర్దుకుపోయింది.

కమిటీ కూర్చుంది. నవలలోని సామాజిక నేపథ్యం గురించి ప్రొఫెసర్ ముప్పావు గంట, ఆ నేపథ్యం లేకపోవడం గురించి విమర్శకుడు అరగంట మాట్లాడారు. ఇద్దరూ ఏకీభవించారు. టీ వచ్చే లోపల కాలక్షేపంగా, నవల ఎలా ఉందని డైరెక్టరు బామ్మను అడిగారు.

బామ్మ సిగ్గుతో చచ్చిపోయింది. "నిజం చెప్పేస్తాను బాబూ. నాకు చదువు అబ్బలేదు. ఎంత చదివినా చదివిందే చదివినట్టుంది. ఆ పిల్ల తలుపు దాకా వెళ్లడం, మళ్లీ బస్సు దిగడం. నన్ను తీసేయండి."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు మొదటిసారిగా మూడు పుస్తకాలు తెరుచుకున్నాయి. మూడింట్లోనూ బస్సు ఆగే ఉంది.

"చక్రీయ కథనం" అన్నాడు విమర్శకుడు మెల్లగా. "పేజీల అంకెలను కూడా ధిక్కరించింది."

"సరిగ్గా ఇదే చెప్పబోతూ టీ కోసం ఆగాను" అన్నారు ప్రొఫెసర్.

సిఫారసు ఏకగ్రీవం. పదివేల ప్రతులకు ఆర్డరు. మంచి వార్త చెప్పడానికి పిలిపిస్తే, టికెట్ కౌంటర్ అమ్మాయి పుస్తకం తిరగేసి తెల్లబోయింది.

"సార్, ఇది బైండింగ్ పొరపాటు. పదహారేసి పేజీల కట్టలు, అంటే ఫారాలు, పదమూడున్న నవల ఇది. మొదటి ఫారం పదహారు పేజీలనే పదమూడుసార్లు పెట్టి కుట్టేశారు. అసలు ప్రతి రేపు తెస్తాను."

"తేవద్దమ్మా" అన్నారు డైరెక్టరు. "మంత్రిగారి సంతకం అయిపోయింది. మంత్రిగారు సంతకం పెట్టాక పొరపాటు ఉండదు. పదివేల ప్రతులూ ఇలాగే కుట్టిస్తాం. కమిటీ ఆమోదించిన ప్రతిలో లేనిది బయట చెప్పనని ఇక్కడ రాసివ్వు."

అమ్మాయి పదివేలు అనే అంకె వైపు కాసేపు చూసి, రాసిచ్చింది. అలా రాసివ్వని రచయితలు కూడా ఉంటారట. వాళ్ల పుస్తకాలు మనకు కనబడవు.

వరండాలో బామ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, ఇంతకీ అక్క తలుపు తీసిందా?"

అమ్మాయి వెనక్కి చూసింది. డైరెక్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నారు. "ఇప్పుడే రాసిచ్చానండీ బామ్మగారూ" అంది. ఆ కళ్లు మాత్రం తడిసిన పెట్టెలాగే ఉన్నాయి.

ఆవిష్కరణ సభలో మంత్రిగారు గొంతు సవరించుకున్నారు. "ఈ నవల కారులోనే ఏకబిగిన పూర్తి చేశాను. చివరి పేజీ దగ్గర కన్నీళ్లు ఆగలేదు. డ్రైవరును అడగండి."

చప్పట్ల మధ్య బామ్మ ప్రాణం లేచొచ్చింది. చివరి పేజీ చూసిన మనిషి ఒకరైనా ఉన్నారు. వేదిక చివర కుర్చీలోంచి లేచి, చేతులు జోడించి వెళ్లింది.

"అయ్యా, మీరు పుణ్యాత్ములు. అక్క తలుపు తీసిందా?"

మంత్రిగారు డైరెక్టరు వైపు చూశారు. డైరెక్టరు ప్రొఫెసర్ వైపు, ప్రొఫెసర్ విమర్శకుడి వైపు చూశారు. విమర్శకుడు మైకు వైపు చూశాడు.

"చాలా కీలకమైన ప్రశ్న" అన్నారు మంత్రిగారు. "దీని మీద ఉపకమిటీ వేస్తున్నాను. బామ్మగారు కూడా అందులో సభ్యురాలు. మూడు నెలల్లో నివేదిక."

బామ్మ ఇంటికొచ్చి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తనకి అరవై మూడు, అక్కకి డెబ్బై. ఉపకమిటీ గడువు పొడిగిస్తే ఇద్దరిలో ఎవరుంటారో, ఎవరుండరో. మర్నాడు పొద్దున్నే పాత చీర ముక్కలో ఇత్తడి మూత చుట్టుకుని బస్సెక్కింది. వాన లేదు, పెట్టె లేదు. ఒక్కసారే దిగింది.

చెయ్యి ఎత్తి, తలుపు కొట్టింది.

మూడు నెలల తర్వాత ఒక పొద్దున బామ్మ అక్క ఇంట్లో కూర్చుని పేపర్లో వేలు పెట్టి చదువుతోంది. పక్కన డబ్బా మీద మూత ఉంది. పదకొండేళ్లలో ఏది వంగిందో గానీ, అది సరిగ్గా పట్టడం లేదు.

"ఏం రాశారే?" అంది అక్క.

"ఉపకమిటీ ఆరుసార్లు కూర్చుందట. ఆరుసార్లూ నేనున్నానట. తలుపు తీయలేదని అందరం కలిసి తేల్చామట."

"ఎవరి తలుపు?"

"నీదే అక్కా."

అక్క విసనకర్ర ఊపడం ఆపి గుమ్మం వైపు చూసింది. "ఆ రెండో రెక్క కూడా బార్లా తీసిరా. గాలి ఆడటం లేదు."