ముందే బయలుదేరిన సంచి

మంగళవారం పొద్దున్నే మొదటి బస్సుకి కొత్తపేట నుంచి రాజమండ్రి వెళ్లి బి.ఎస్సీ. నర్సింగులో చేరాలని ఇందిర ఏర్పాటు. జి.ఎన్.ఎం. అనే నర్సింగు డిప్లొమా చదివి ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఏళ్ల తరబడి సూదులు పొడిచింది. ఆ డిప్లొమా మీద ఇంకో రెండేళ్లు చదివితే నర్సులకి పాఠాలు చెప్పే ఉద్యోగం వస్తుంది. చేరడానికి అదే ఆఖరి రోజు. దాటితే సీటు వేరొకరిది.

మంగళవారం ఉత్తరానికి శూల, అటు ప్రయాణం కూడదని అత్తగారు పాపాయమ్మ అడ్డుపడ్డారు. విరుగుడూ ఆవిడే చెప్పారు. ముందురోజు మంచి ఘడియలో సామాను పొరుగింట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే. దాన్నే ప్రస్థానం అంటారు. ఉత్త సంచి పెడితే గ్రహాలు ఒప్పుకోవని, సర్టిఫికెట్లున్న సంచినే పక్కింటి బంగారయ్య గారింట్లో పెట్టించారు.

తెల్లారి వెళ్తే సంచి లేదు. చుట్టపుచూపుగా వచ్చి ఆ సంచి పెట్టిన గదిలోనే పడుకున్న బంగారయ్య గారి అల్లుడు బాబ్జీ చీకటితోనే తన ఊరు తాటిపాక వెళ్లిపోయాడు. అల్లుడి చేత బరువు మోయించడం మర్యాద కాదని మామగారే గదిలో ఉన్నవన్నీ జీపెక్కించారు.

"ఒకటి ఎక్కువుందేమోనని నాకూ అనిపించిందండి. అల్లుణ్ణి అడిగితే ఏం బాగుంటది?" అన్నారాయన.

ఇందిరకి ఏడుపొచ్చింది. అత్తాకోడళ్లు తాటిపాక బస్సెక్కారు. అటువైపు ఇవాళ శూల లేదని పాపాయమ్మ గారు దారి పొడుగునా ధైర్యం చెప్పారు. తీరా వెళ్తే బాబ్జీ ఇంట్లో లేడు. సంచి తెరిచి, సీటు కాగితం మీద గడువు చూసి సంగతి గ్రహించి, వెనక్కి పంపితే ఆలస్యమవుతుందని తానే పట్టుకుని రాజమండ్రి కాలేజీకి వెళ్లాడని పక్కవాటా ఆవిడ చెప్పింది.

మళ్లీ బస్సు. కాలేజీ చేరేసరికి పొద్దు వాలిపోయింది. గేటు బయట బాబ్జీ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. లోపల ఇచ్చావా అని ఇందిర ఆత్రంగా అడిగింది.

"లేదండి. ఆడపిల్లల కాలేజీ కదండీ, లోపలికెళ్తే మర్యాదగా ఉండదని ఇక్కడే ఉండిపోయేను."

ఇందిర సంచి లాక్కుని పరుగెత్తింది. ప్రిన్సిపాలు గారు బల్ల సర్దుకుంటున్నారు. ఆలస్యమైందని, దయచేసి చేర్చుకోమని ఇందిర చేతులు జోడించింది. ఆవిడ తాపీగా కళ్లజోడు తీశారు.

"ఇవాళ ఎవర్నీ చేర్చుకోలేదమ్మా. మంగళవారం కొత్త బ్యాచి మొదలెడితే అచ్చిరాదు. గడువు రేపటికి మార్చేను. వర్జ్యం వెళ్లేక రా."

సీటు దక్కినందుకు సంతోషించాలో, రోజంతా పరుగెత్తినందుకు ఏడవాలో ఇందిరకి తెలియలేదు. గుమ్మంలో పాపాయమ్మ గారు మాత్రం ఆవిడకి భక్తిగా నమస్కారం పెట్టారు. బడి మొహం చూడకుండానే ఈవిడ చేరిన చోటికే ప్రిన్సిపాలు గారు ఎమ్మెస్సీ దాకా చదివి చేరుకున్నారు మరి.