నడక విభాగం వారి అభినందనలు

మనిషి రెండు కాళ్ల మీద లేచి నిలబడిన నాటి నుంచి నడక మీద ఏ అధికారికీ అజమాయిషీ లేకపోయింది. ఆ లోటును మా పెద్దాసుపత్రి తీర్చింది.

రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే కీమో మందుల్లో కొన్ని గుండెను బలహీనపరుస్తాయి. రోజూ ఓపిక మేరకు నడిస్తే గుండెకు మంచిది. డాక్టరమ్మగారు ఈ సంగతి నా భార్యకు అర నిమిషంలో చెప్పారు. అంత ముఖ్యమైన విషయం అర నిమిషంలో తేలిపోవడం పద్ధతి కాదు కనుక, దాని అమలుకు ఆసుపత్రివారు నడక విభాగాన్ని స్థాపించారు. అందులో నలుగురు ఉద్యోగులు. (నలుగురివీ కూర్చుని చేసే పనులు.)

విభాగానికి ఒక యాప్ ఉంది. రోగి రోజుకు ఎన్ని అడుగులు వేసిందీ ఆమె ఫోన్ ద్వారా అది కనిపెడుతుంది. మూడు వేలు దాటితే పచ్చ రంగు, దాంతోపాటు ఒక మెచ్చుకోలు సందేశం; తగ్గితే ఎరుపు. ఎరుపువారికి గుండె స్కానింగ్ ముందు తీస్తారు, పచ్చవారికి వీలు చూసుకుని.

ఆ యాప్ పనిచేసే ఫోన్ మా ఇంట్లో ఒకటే. దాన్ని ఆమె పేరున నమోదు చేశారు. కీమో రోజున ఆమె చేతికి సూదితో నాలుగు గంటలు కుర్చీలో ఉండేది, ఫోన్ నా జేబులో ఉండేది. మందుల చీటీ కింది అంతస్తులో ఇస్తారు. దాని మీద ముద్ర మూడో అంతస్తులో వేస్తారు. ముద్ర మీద సంతకం పక్క భవనంలో పెడతారు. లిఫ్ట్ రోగులకు మాత్రమే. సాయంత్రానికి ఎనిమిది వేల నాలుగు వందల అడుగులు. పచ్చ.

మిగతా రోజుల్లోనూ ఫోన్ నాతోనే తిరిగేది; ఇంట్లో ఆమె మంచం నుంచి కిటికీ దాకా నడిచేది. మూడో విడత తర్వాత కిటికీ దగ్గర ఊచ పట్టుకుని ఆగిపోసాగింది.

"ఏమండీ, ఆయాసమేమో నాకు, మెచ్చుకోళ్లేమో మీకూనా?"

"మెచ్చుకోళ్లూ నీ పేరు మీదే వస్తున్నాయి."

"అయితే నా గుండె మీ జేబులో ఉందన్నమాట. ఎక్కడా పారేసుకోకండి."

స్కానింగ్ తొందరగా తీయమని డాక్టరమ్మగారు రాసిచ్చారు. అయితే వరస నిర్ణయించేది విభాగం. ఒక వారం ఫోన్ ఇంట్లోనే వదిలి తిరిగాను. సున్నా అడుగులంటే పరికరం పాడైనట్టు లెక్క కనుక, యాప్ పాత సగటునే వేసుకుంది. పచ్చ.

ఇక విభాగానికే వెళ్లాను. అక్కడ నడకల ఉప పర్యవేక్షకుడు నన్ను కూర్చోబెట్టి తెర చూశాడు.

"మాస్టారూ, మీరే కాస్త డీలాగా ఉన్నారు గానీ, మేడమ్ అదరగొట్టేస్తున్నారు. వార్డు మొత్తానికి ఫస్టు!"

"ఆ నడిచింది నేనండీ."

"మీరు రోగి కాదు కదా. రోగి కానివాళ్ల అడుగులు మా లెక్కలోకి రావు."

"మరి ఇవి వచ్చాయిగా?"

"వచ్చాయంటే రోగివే."

ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఇంత పకడ్బందీ నిరూపణ నల్లబల్ల మీద ఎన్నడూ రాయలేదు.

సవరణకు మార్గం లేకపోలేదు. రోగి స్వయంగా విభాగానికి నడిచి వచ్చి, తాను నడవలేకపోతున్నట్టు రాసివ్వాలి. విభాగం మూడో అంతస్తులో ఉంది. ఆ రోజు లిఫ్ట్‌కు మరమ్మతు. ఆమె వాళ్ల అక్క భుజం పట్టుకుని, మెట్టుమెట్టుకూ ఆగుతూ ముప్పావు గంటలో పైకి చేరింది.

"ఎక్కేశారు కదమ్మా, ఇంకేం!" అన్నాడు ఉప పర్యవేక్షకుడు, మనస్ఫూర్తిగా సంతోషిస్తూ.

"దిగడం కూడా చూసి రాసుకో నాయనా," అంది ఆమె, గోడకు ఆనుకుని. 

వాళ్లక్క మాత్రం ఊరుకోలేదు. "పిల్ల పెదాలు నీలంగా ఉన్నాయి, కళ్లు కనబడట్లేదా?" అని గట్టిగా అడిగింది. యాప్‌లో నీలం రంగు లేదని ఆయన వివరించాడు.

అయినా మా ఇబ్బందిని గుర్తించి, స్కానింగ్‌ను ఇరవై మూడో తేదీకి ఖాయం చేశాడు.

ఆమె పదిహేడున పోయింది. పద్దెనిమిదిన మరణ ధ్రువపత్రం కోసం నేను మూడు కార్యాలయాలు తిరిగాను. సాయంత్రం విభాగం నుంచి ఆమెకు సందేశం వచ్చింది. పదకొండు వేల రెండు వందల అడుగులు వేసినందుకు అభినందించి, గుండె ఇంత దృఢంగా ఉన్నందున ఇరవై మూడున స్కానింగ్‌కు రానవసరం లేదని తెలియజేశారు.