గుండీ అవతలి ముడి

పది గంటలకల్లా తన గైడు పెద్దసారుకు తాడుతో తన పరిశోధన వివరించి, సంతకం పుచ్చుకుని రావాలన్నది కోడలి పథకం. మూడేళ్ల చాకిరీ ఆ సంతకానికే వేలాడుతోంది.

తాడంటే ఆర్ఎన్ఏ. కణంలో ప్రొటీను ఎలా తయారవ్వాలో రాసి ఉండే పోగు. దానికి కుట్టిన ఆకుపచ్చ గుండీ దగ్గర తయారీ మొదలవ్వాలి. పోగుమీద జారుతూ వచ్చి ఆ పని చేసే రైబోజోముకు బదులు ఒక కర్టెను రింగు. పోగు మడతపడితే, అంటే గుండీకి ఇవతల తాడుకు ముడి పడితే, దారికి అడ్డం, పని మొదలవదు. ఇదీ ఆమె సిద్ధాంతం. మూడో నమూనా ఒక్కటే మొండికేసింది. అందులోనూ మడత ఉంది, ప్రొటీను మాత్రం నాలుగింతలు వచ్చింది.

"ఎందుకో చెప్పు, లేదా మళ్లీ మొదటినుంచి చెయ్యి" అన్నాడు నిన్న పెద్దసారు.

పొద్దున కోడలు స్నానం చేసి వచ్చేసరికి తాడు పాపిట తీసినట్టు తిన్నగా పడుంది.

"అత్తయ్యా! దీని ముడేది?"

"చిక్కుపడిందని విప్పానే. గోళ్లు ఊడొచ్చాయి."

"రింగో?"

"కర్టెనుకు ఒకటి తక్కువైతే తగిలించా."

రింగు కోసం లాగితే కడ్డీ ఊడింది. కడ్డీ తగిలి చెంబు దొర్లింది. చెంబులో నీళ్లు కాగితాల మీదికి పారాయి. కోడలు తడి కాగితాలు విసురుకుంటూ బస్సెక్కింది. తాడు, రింగు పట్టుకుని వెనకే అత్తగారూ ఎక్కారు.

"ముడే కదా, నేనేస్తా. నువ్వు కాగితాలు చూసుకో."

కుదుపుల్లోనే వేశారు. బిగించి మరీ.

"చూడండి సార్, రింగు గుండీదాకా రాదు" అంటూ పెద్దసారు గదిలో కోడలు తాడు వంచింది. రింగు సర్రున జారి, ఎద్దు గాడి దగ్గర ఆగినట్టు సరిగ్గా గుండీమీద ఆగింది. ఇవతల ఉండాల్సిన ముడి గుండీకి అవతల పడింది!

అత్తగారు లేచారు.

"తప్పు నాది బాబూ. బస్సు కుదిపేసింది."

"ఉండండమ్మా!" పెద్దసారు కుర్చీ వెనక్కి తన్నేసి లేచాడు. "నీ మూడో నమూనాలో మడత ఎక్కడమ్మాయ్?"

"గుండీకి కాస్త అవతల... అయ్యో సార్! మడత అడ్డుపడి రైబోజోము గుండీ మీదే ఆగుతుంది! లేకపోతే చూసుకోకుండా దాటిపోయేది. ఆగింది కాబట్టి గుర్తుపట్టింది! అందుకే నాలుగింతలు!"

"మరి ముడి దాటేదెలా?"

"పని మొదలయ్యాక దాన్ని ఆపలేం సార్. ఎంత మడతైనా విప్పుకుంటూ పోతుంది, అచ్చం మా అత్తయ్యలా!"

"మడత జరిపి ఇంకోసారి రుజువు చెయ్యి" అంటూనే పెద్దసారు తడి కాగితం మీద సంతకం గీకేశాడు. తాడు, రింగు తన బల్లమీదే ఉంచుకున్నాడు.

ఇంట్లో కర్టెను ఈనాటికీ ఒక రింగు తక్కువతోనే వేలాడుతోంది.